ఏడు ఆకుపచ్చ గుండీలు

స్వెట్టరుకు కాజాలు ఎనిమిది. డబ్బాలో ఆకుపచ్చ గుండీలు ఏడే దొరికాయి.

ఆ స్వెట్టరు వీధి మొదట్లో ఉండే హెడ్మాస్టరమ్మది. ఆవిడ ఉద్యోగం నుంచి దిగిపోయి పదేళ్ళయినా వీధంతా ఆవిడను అలాగే పిలుస్తుంది. ఆవిడ కూడా వీధినంతా ఆరో తరగతిని చూసినట్టే చూస్తుంది. "పాతవి పగిలిపోయాయి. ఎనిమిదీ ఒకే రకానివి ఉండాలి, తెలిసిందా?" అని వేలు చూపించి మరీ చెప్పి వెళ్ళింది. వీధికంతా బట్టలు కుట్టిపెట్టే అమ్మ ఏడు కుట్టేసి, ఎనిమిదోదాని కోసం డబ్బాను నేలమీద బోర్లించింది. చొక్కా గుండీలు, కోటు గుండీలు, హుక్కులు, విరిగిన జిప్పు తలలు అన్నీ దొర్లుకొచ్చాయి గాని ఆకుపచ్చది మాత్రం రాలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా బీరువా తలుపు మీద కూతురు అంటించుకున్న అట్ట కనిపించింది. దానిమీద అచ్చం అలాంటివే పదకొండు, వరసగా కుట్టి ఉన్నాయి.

ఎదురుగా గంగను పెట్టుకుని నూతికి తాడు వెతుకుతున్నానేమిటి అనుకుంది అమ్మ. కత్తెర తీసుకుని లేచింది.

"ఒసేయ్ పిట్టా, ఈ అట్టమీదది ఒకటి తీసుకుంటున్నానే. నీకింకా పది ఉంటాయిలే."

పిట్ట అనేది ఇంట్లో పిలుపు. పిల్లకు ఇరవయ్యేడేళ్ళు. పనికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నదల్లా, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! కత్తెర దించు ముందు!"

"అబ్బ! ఏమైందే? గుండె ఆగినంత పనైంది. ఒక్క గుండీయే కదా."

"అది గుండీ కాదమ్మా. అది బుధవారం."

అంతకుమించి చెప్పడానికి పిట్టకు వేళ లేదు. రెండో బూటు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయింది. వెనకనుంచి, "జారతావే, కాలు చూసుకో, బూటు వేసుకుని దిగు!" అని రోజూ అరిచే అరుపు అరిచి, అమ్మ లోపలికి వచ్చింది. నాన్న టీ తాగుతున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎత్తైన భవనాల్లో లిఫ్టు ఆగిపోతే ఆయన్ని పిలుస్తారు.

"బుధవారమేమిటండీ? పిల్లకేమైనా మతి..."

"నీకు తెలీదా?" అన్నాడు నాన్న. "ఒక్కో గుండీ ఒక్కో సెలవు. ఏడాదికి పద్దెనిమిది సెలవులు దానికి. ఏడాది మొదట్లో నీ డబ్బాలోంచే పద్దెనిమిది తీసుకుని కుట్టుకుంది కదా. ఒక సెలవు వాడుకున్నప్పుడల్లా ఒకటి విప్పి మళ్ళీ నీ డబ్బాలో పడేస్తోంది. ఎక్కడి సొమ్ము అక్కడికి."

అమ్మ ఒళ్ళో ఉన్న స్వెట్టరు వైపు చూసింది. ఏడు గుండీలు.

"అయితే ఏడు సెలవులు వాడేసిందా? ఎప్పుడు? ఏ ఊరు వెళ్ళిందని?"

నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదే. ఇంట్లోనే ఉంది. నీ దగ్గర."

*

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అమ్మకు కీడు ఎంచడంతోనే పొద్దు గడిచిపోయేది, మేలెంచడానికి తీరిక ఉండేది కాదు. పొరుగింట్లో పళ్ళెం కిందపడితే ఎవరో పడిపోయారనుకునేది. ఫోను మోగితే ఆసుపత్రినుంచనుకునేది, మోగకపోతే చేయడానికి కూడా ఓపిక లేని స్థితిలో ఉన్నారనుకునేది. అలాంటి మనిషి ఇంట్లో నాలుగు దేశాల సాహసయాత్ర పథకం తయారైందంటే, అది పిట్ట మొండితనం కొంత, నాన్న వెనకేసుకురావడం కొంత.

పిట్ట పనిచేసేది పళ్ళ లాబ్‌లో. డాక్టర్లు పంపే ప్లాస్టర్ అచ్చులు చూసి తొడుగు పళ్ళూ కట్టుడు పళ్ళూ తయారుచేయడం దాని పని. పొద్దున్నించి సాయంత్రం దాకా దీపం కింద, భూతద్దంలోంచి, ఎవరివో దవడలు చూస్తూ కూర్చుంటుంది. "ఆకాశం ఎలా ఉంటుందో మరచిపోయాను నాన్నా," అంటూ ఉండేది. దాని స్నేహితురాలు ఒకతి ఉంది. ఆరడుగుల పిల్ల, అందరూ జిరాఫీ అంటారు. ఇద్దరూ కలిసి ఏడాది మొదట్లో లెక్కలు కట్టారు. పద్దెనిమిది సెలవులూ ఒకేసారి పెడితే, ముందూ వెనకా మధ్యా వచ్చే నాలుగు ఆదివారాలు కలిసి ఇరవైరెండు రోజులు. ఒక్కో దేశానికి అయిదు రోజులు, దారికి రెండు. ఒక దేశంలో పొంగే నదిమీద రబ్బరు పడవ. ఒక దేశంలో మంచుకొండ. ఒక దేశంలో గుడ్డరెక్క కట్టుకుని కొండ అంచునుంచి గాల్లోకి. ఒక దేశంలో భూమి లోపల గుహలు.

దేశాల అసలు పేర్లు అమ్మ నోట తిరిగేవి కావు. అక్కడ పిల్లకు ఏమవుతుందో దాన్నిబట్టి ఆమె పేర్లు పెట్టుకుంది. మునిగే దేశం, జారే దేశం, పడే దేశం, ఇరుక్కునే దేశం. నాన్నా పిట్టా పడీపడీ నవ్వి, చివరికి వాళ్ళూ అవే పేర్లు వాడసాగారు. అట్టమీద కూడా పిట్ట ఆ పేర్లే రాసింది.

అన్నిటిలోకీ పిట్ట మనసు పడింది పడే దేశం మీద. "నేను ఉయ్యాల కూడా సరిగ్గా ఊగలేదు నాన్నా," అంది ఒకరోజు నవ్వుతూ. "అందరి ఉయ్యాలలూ ఎక్కడికో వెళ్ళేవి. నాది అమ్మ చేయి అందేంత దూరమే వెళ్ళేది. తాడు వదిలేదా అసలు?"

అప్పుడు అమ్మ కూడా నవ్వింది. ఇప్పుడైతే నవ్వేది కాదు.

ఎందుకంటే ఆ ఏడు రోజులూ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఛాతీలో పట్టేసిందని ఒక రోజు. డాక్టరు చూసి గ్యాసన్నాడు, మాత్ర ఇచ్చాడు. ఆ మాత్ర పడకపోతేనో అని మర్నాడు ఇంకొకటి. వాన పడుతోంది, వంతెన కూలుతుందని గుమ్మానికి అడ్డం నిలబడ్డ రోజు. పడింది నాలుగు చినుకులు, వంతెన ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. నాన్న దగ్గు ఆగలేదని ఒకటి. పిట్ట పళ్ళన్నీ రాలిపోయినట్టు కల వచ్చిందని ఏడుస్తూ కూర్చున్నది ఒకటి. "మా లాబ్‌లో రోజూ బుట్టెడు రాలతాయమ్మా, ఏం కాదు" అని ఎంత చెప్పినా వినలేదు. గ్యాసు వాసనొస్తోందని ఒకటి. పక్కింటివాళ్ళు తలుపుకు రంగు వేసుకుంటున్నారంతే.

ప్రతిసారీ పిట్ట ఫోను తీసి, "సార్, ఇవాళ రాలేను" అనేది. అమ్మ ఎప్పుడూ ఎక్కడా ఉద్యోగం చేసింది కాదు. మిషన్ దగ్గర కూర్చుంటే పని, లేస్తే సెలవు. సెలవంటే కొళాయిలో నీళ్ళలాంటిదనుకుంది. తిప్పితే వస్తాయి, తిప్పినన్నిసార్లు వస్తాయి. అవి పద్దెనిమిదే ఉంటాయని, అయిపోతాయని, తన డబ్బాలోనే వచ్చి పడుతున్నాయని ఎవరు చెప్పారు?

మొదటి ఆరు రోజుల వరకు ఆ మాట చెప్పుకోవచ్చు. ఏడోది అలాంటిది కాదు.

దానికి ముందురోజు సాయంత్రం పిట్టా జిరాఫీ ఫోనులో ఒక వీడియో చూశారు. ఎవడో ఒకడు కొండ అంచుదాకా పరుగెత్తి, ఇంకా పరుగెత్తాడు. కింద నేల లేదు. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు పని అయ్యాక యాత్రల ఆఫీసుకు వెళ్ళి ఆ దేశానికి పేర్లిచ్చి వస్తామన్నారు. తెల్లారాక అమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి, పొడి నేలమీద నెమ్మదిగా, మోకాళ్ళు వంచి కూర్చుని, "అమ్మో!" అని కేక పెట్టింది.

"పడ్డావా? ఏ మోకాలమ్మా?" అంటూ పిట్ట ఏడుపు మొహంతో వచ్చింది. అమ్మ ఒక్కక్షణం ఆలోచించుకోవలసి వచ్చింది. ఎడమది అంది. రోజంతా పిట్ట మందు రాసింది, కాలి కింద దిండు పెట్టింది, వంట చేసింది. సాయంత్రానికి అమ్మ మరచిపోయి కుడికాలు కుంటింది.

పద్దెనిమిదిలో ఏడు పోతే పదకొండు. రెండు ఆదివారాలు కలుపుకుంటే పదమూడు రోజులు. అంటే యాత్ర వరసలో మొదటి రెండు దేశాలే. అట్టమీద పడే దేశం, ఇరుక్కునే దేశం కొట్టేసి ఉన్నాయి. అమ్మ వాటిని ఎన్నిసార్లు చూసిందో! చూసి, పిల్ల తనంతట తానే బుద్ధి తెచ్చుకుందనుకుని లోలోపల మొక్కుకుంది కూడా.

ఇంకొకటి కూడా ఉంది. జిరాఫీకి సెలవులు అలాగే ఉన్నాయి, అది నాలుగు దేశాలూ తిరుగుతుంది. అంటే జారే దేశం నుంచి పిట్ట ఒక్కతే, తెలియని విమానాశ్రయాలు మారుతూ, తిరిగి రావాలి. ఏది జరగకూడదని అన్ని రోజులు తినేసిందో అంతకంటే పెద్ద భయాన్ని అమ్మ తన చేత్తోనే కుట్టిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె స్వెట్టరును మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఏడు గుండీలూ విప్పింది. తను కుట్టిన గుండీ అంత తేలిగ్గా ఊడదు, నాలుగు చుట్లు చుట్టి ముడివేసే అలవాటు. ఒక్కొక్కదానికి ఇంత సేపు పట్టింది. గోధుమరంగు గుండీలు ఎనిమిది వెతికి కుట్టింది. హెడ్మాస్టరమ్మ వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"ఆకుపచ్చ స్వెట్టరుకు గోధుమరంగువా? నేను చెట్టుననుకున్నావా?"

"ఆకుపచ్చవి దొరకలేదండీ."

"పొద్దున నేను ఇటు వెళ్తుంటే నీ చేతిలో ఉన్నాయిగా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అమ్మ డబ్బా మూత గబుక్కున మూసేసింది.

*

రెండు రోజుల తర్వాత పొద్దున పిట్ట స్నానంలో ఉండగా దాని ఫోను మోగితే అమ్మ తీసింది. లాబ్ యజమాని. ఆయన చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒక దవడ అచ్చు ఉంటుంది కాబట్టి పిల్లలు ఆయనకు దవడల సారు అని పేరు పెట్టారు.

"అమ్మగారా? ఏం లేదండీ, మళ్ళీ ఒకసారి అడుగుదామని. ఆదివారాలు అర్జంటు పళ్ళు వస్తున్నాయి. ఎవరికో పెళ్ళిచూపులంటారు, ఎవరికో ఇంటర్వ్యూ అంటారు, పన్ను ఊడి కూర్చుంటారు. మీ అమ్మాయి చేయి మంచిది. వస్తే ప్రతి ఆదివారానికీ ఒక బదులు సెలవు ఇస్తానంటున్నా. ఏడాదినుంచీ అడుగుతూనే ఉన్నా, అమ్మ ఒక్కతే ఉంటుంది సార్ అంటుంది."

నిజమే. ఆదివారాలు ఆఫీసులు మూసి ఉంటాయి కనక నాన్న లిఫ్టుల మరమ్మతులన్నీ ఆరోజే. ఇంట్లో ఒక్కతే ఉండాలంటే అమ్మకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. పిట్ట చిన్నప్పటినుంచీ ఆదివారం ఎక్కడికీ కదిలింది లేదు.

"ఒక ఆదివారానికి ఒక సెలవా?" అంది అమ్మ.

"అవునండీ. ఒకటికి ఒకటి."

"వస్తుంది," అంది అమ్మ. "ఈ ఆదివారం నుంచే వస్తుంది."

ఫోను పెట్టేసి దానికేసి చూసింది. ఏమన్నాను నేను? స్నానాలగది తలుపు తీసుకుని వచ్చిన పిట్ట విని, తువ్వాలు తలకు చుట్టుకున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

"నువ్వు? ఒక్కదానివి? రోజంతా?"

"ఏం, నేనేమైనా పసిపిల్లనా?"

"నాన్నా! అమ్మకు జ్వరమొచ్చిందేమో చూడు!"

"యాత్రల ఆఫీసులో పేర్లివ్వడానికి గడువెప్పటిదాకానే?" అంది అమ్మ, అటు తిరిగి.

"ఆరు వారాలుంది."

"అయితే ఆరు గుండీలు," అంది అమ్మ. ఆరు గుండీలంటే పడే దేశం తిరిగొస్తుంది. తన నోటితో తనే పిల్లను కొండ అంచుకు తీసుకెళ్ళి నిలబెడుతున్నట్టుంది. అయినా మాట వెనక్కు తీసుకోలేదు.

మొదటి ఆదివారం అమ్మ తొమ్మిదింటికల్లా మూడుసార్లు గ్యాసు కట్టేసి చూసింది. తలుపు గడియ వేసింది. లోపల పడిపోతే ఎలా తీస్తారని మళ్ళీ తీసింది. తీసి ఉంటే ఎవరైనా వస్తారని మళ్ళీ వేసింది. మిషన్ తొక్కితే చప్పుడులో ఏదీ వినపడదని మిషన్ ముట్టుకోలేదు. ఫోనును తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టింది, చేతికి అందకుండా. పదకొండింటికి ఛాతీలో పట్టేసింది. గ్యాసే అనుకుంది. పన్నెండింటికి కాదేమో అనుకుంది. ఒంటిగంటకు ఇంకా బతికే ఉంది కనక గ్యాసే అయి ఉంటుందని తేల్చుకుంది.

సాయంత్రం పిట్ట రాగానే అట్టమీద గుండీ అమ్మే కుట్టింది. నాలుగు చుట్లు, ముడి.

రెండో ఆదివారమూ అలాగే గడిచింది. మూడో ఆదివారం పిట్ట అర్జంటుగా మూడు ముందుపళ్ళు చేసి, నడుం పట్టుకుని వచ్చింది. అమ్మ కుడుతుంటే పక్కన కూర్చుని, భుజం మీద తలపెట్టింది.

"నీకెంత కష్టమో నాకు తెలుసమ్మా. నాకోసం ఇంత చేస్తావని అనుకోలేదు. లాబ్‌లో అందరితో చెప్పాను, మా అమ్మ లాంటి అమ్మ ఉండదని."

అమ్మ సూది ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మెదపకుండా ఉంది. తిట్టి ఉంటే ఇంకా ఓర్చుకునేదేమో. ఆ పొగడ్తను మాత్రం ఓర్చుకోలేకపోయింది.

"నేను ఆరోజు పడలేదే," అంది.

"ఏరోజు?"

"స్నానాలగదిలో. పడలేదు. కూర్చున్నాను, అంతే. నువ్వు సాయంత్రం పేర్లివ్వడానికి వెళ్తానన్నావుగా. వెళ్ళకూడదని."

పిట్ట తలెత్తింది.

"ఆ సాయంత్రం కుడికాలు కుంటావు," అంది. "ఎడమకాలు కదా అనుకున్నాను. ఒక కాలి నొప్పి ఇంకో కాలికి పాకుతుందేమోనని ఫోనులో వెతికాను కూడా. నరాల జబ్బేమోనని ఆ రాత్రంతా..." అమ్మ వైపు తిరిగింది. "మిగతా ఆరూ?"

"అవి నిజమే."

"నిజంగా?"

"నిజంగా భయమేసిందే..." అంది అమ్మ. నొప్పి నిజమా, భయం నిజమా? ఇప్పుడు వెతుక్కుంటే ఏ రోజు ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియడం లేదు.

పిట్ట లేచి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా కూడా వేయలేదు. వేసినా బాగుండేది.

*

ఆ రోజునుంచీ కూతురు తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, కంచం కడిగిపెట్టేది. "అమ్మకు చెప్పు నాన్నా, నేను ఆలస్యంగా వస్తానని" అనేది, అమ్మ రెండడుగుల దూరంలో ఉండగానే.

"నన్ను లిఫ్టు చేశారు మీరిద్దరూ," అన్నాడు నాన్న. "ఈ మాట పైకి, ఆ మాట కిందికి."

ఎవరూ నవ్వలేదు. పిట్ట లేనప్పుడు ఆయన భార్య దగ్గరికి వచ్చి, "చెప్పకుండా ఉంటే సరిపోయేది కదే" అన్నాడు.

"సరిపోయేది కాదండీ," అంది అమ్మ. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని తెలుసు. అయినా..."

నాలుగో ఆదివారం లాబ్‌కు పని రాలేదు. ఆ వారం ఎవరి పళ్ళూ ఊడలేదు, నాన్నను పిలవడానికి ఏ లిఫ్టూ ఆగలేదు. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు, ముగ్గురూ మూడు గదుల్లో ఉన్నట్టుగా. ఊరివాళ్ళ పళ్ళ గట్టిదనాన్ని అమ్మ మనసులో తిట్టుకుంది, వెంటనే ఆ పాపం కూడా తన లెక్కలోనే వేసుకుంది.

అయిదో ఆదివారం పిట్ట పనికి వెళ్ళాక, అమ్మ దాని జాకెట్టు ముందేసుకుని కూర్చుంది. మంచుకొండకు వేసుకునే జాకెట్టది, జిప్పు సరిగ్గా పడటం లేదు. చెప్పకుండానే మార్చి పెట్టాలనుకుంది. పొద్దున్నించి ఏమీ తినలేదు, తినబుద్ధి కాలేదు. పన్నెండు దాటాక లేస్తే గోడ ఒకపక్కకు వంగింది. ఇల్లంతా ఒక చుట్టు తిరిగింది.

ఇది నిజం. ఇది భయం కాదు. బియ్యం డబ్బా మూత దాకా చేయి వెళ్ళింది. ఫోను చేస్తే పిట్ట వస్తుంది. మాట్లాడకపోయినా వస్తుంది, అది తెలుసు. వస్తే ఈ ఆదివారం పోతుంది. పైగా ఏమని చెప్పాలి? కళ్ళు తిరిగాయనా? ఎవరు నమ్ముతారు? ఎందుకు నమ్మాలి?

మూత వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు దిగి, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ వీధి మొదటిదాకా నడిచి, హెడ్మాస్టరమ్మ అరుగుమీద కూలబడింది.

"ఏమిటిది? ఎవరు ఇలా పంపించారు నిన్ను?" అంటూనే ఆవిడ నీళ్ళలో చక్కెర కలిపి తెచ్చింది. "ఏం తిన్నావు పొద్దున్న?"

"ఏం తినలేదండీ."

"ఆరో తరగతి పిల్లలు నయం. ఉండు, మీ అమ్మాయికి ఫోను చేస్తాను."

"వద్దండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను. అది వచ్చిందంటే ఒక గుండీ పోతుంది."

హెడ్మాస్టరమ్మ ఆమె నుదుటిమీద చేయి పెట్టి చూసింది. ఫోను మాత్రం చేయలేదు. బలవంతాన నాలుగు ముద్దలు తినిపించి, సాయంత్రందాకా తన మంచంమీద పడుకోబెట్టుకుంది. అసలు సంగతంతా కూడా రాబట్టింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత నిజాలు చెప్పించిన మనిషి.

ఆవిడ మాట ఇచ్చింది ఫోను చేయనని మాత్రమే. సాయంత్రం పిట్ట వీధిలోకి రాగానే గేటు దగ్గర ఆపి అంతా చెప్పేసింది. అప్పటికే ఇంటికి చేరిన అమ్మ దగ్గరికి పిట్ట పరుగెత్తుకుంటూ వచ్చింది. రెండు వారాల మౌనం కాస్తా బద్దలైంది.

"నిజంగా కళ్ళు తిరిగితే చెప్పవా? ఉత్తప్పుడు ఫోను మీద ఫోను, అసలప్పుడు బియ్యం డబ్బాలో పెడతావా? ఏమైనా అయ్యుంటే?"

"ఏది అసలో ఏది ఉత్తదో నాకే తెలియడం లేదే," అంది అమ్మ. "నీకేం చెప్పమంటావు?"

పిట్ట సంచి కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి అమ్మ ముందు పెట్టింది.

"తిను. నాకింకా కోపం పోలేదు. అది వేరే. ముందు తిను."

అమ్మ తింది. పిట్ట సంచిలోంచి సూదీ దారం తీసుకుని అట్టమీద గుండీ తనే కుట్టుకుంది. వంకరగా పడింది. అమ్మ చూసి కూడా సరిచేయలేదు.

ఆరో ఆదివారానికి నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఏమైనా అనిపిస్తే ముందు హెడ్మాస్టరమ్మకు చెప్పాలి. ఆవిడ సరేనంటేనే వీళ్ళకు ఫోను. "ఆవిడ దగ్గర అబద్ధం నిలబడదు, నిజం దాగదు. మన ఇంటికి కావలసింది అలాంటి మనిషే," అన్నాడు. ఆరోజు అమ్మ రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఆవిడ, "వెళ్ళి మిషన్ తొక్కు" అని పంపించేసింది.

అలా అయిదు గుండీలు చేరాయి. పదకొండూ అయిదూ పదహారు. మూడు ఆదివారాలతో కలిపి పందొమ్మిది రోజులు, మూడు దేశాలు. పిట్ట పడే దేశం మీది గీత చెరిపేసి మళ్ళీ రాసింది. నాలుగో దేశానికి రెండు గుండీలు తక్కువయ్యాయి. దానిమీది గీత అలాగే ఉండిపోయింది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా ఒక మాట అంటే బాగుండునని అమ్మకు అనిపించింది.

*

బయల్దేరేరోజు పిట్ట అట్టను బీరువా మీదనుంచి తీసి అమ్మ చేతికిచ్చింది.

"రోజుకొకటి విప్పి డబ్బాలో వేసుకో. అన్నీ అయిపోయేసరికి వస్తాను. ఆదివారాలకు గుండీ లేదు, చూసుకో. ఆరోజు హెడ్మాస్టరమ్మే నీకు గుండీ."

"జాకెట్టు జిప్పు మార్చాను," అంది అమ్మ.

"చూశాను."

"రెండు వరసలు కుట్టాను."

"అదీ చూశానమ్మా." పిట్ట వంగి ఆమె ఎడమ మోకాలు తట్టింది. "జాగ్రత్త. ఇది, ఆ రెండోది కూడా."

అమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవ్వాలని మాత్రం తెలిసింది, నవ్వింది.

మునిగే దేశంలో పిల్ల మునగలేదు. జారే దేశంలో ఒకసారి జారిందట, నవ్వుతూ చెప్పింది. అమ్మ నవ్వలేదు గాని, "దెబ్బేమైనా తగిలిందా" అని ఒక్కసారే అడిగింది. పదమూడు గుండీలు డబ్బాలోకి వచ్చేశాయి. పద్నాలుగోది మంగళవారం. ఆరోజే పడే దేశంలో కొండ అంచు. కొండమీద ఫోను పనిచేయదని ముందే చెప్పింది.

ఆ పొద్దున అమ్మ గుండీ విప్పలేదు. విప్పితే ఆ రోజు మొదలైపోతుందనిపించింది. మిషన్ దగ్గర కూర్చుంది గాని సూదిలో దారం ఎక్కలేదు. నేల అయిపోయాక కూడా పరుగెత్తిన ఆ వీడియోలోని మనిషే కళ్ళ ముందు తిరుగుతున్నాడు. పడిపోతే పంపినది నేనే. పడకపోతే ఇన్నాళ్ళూ ఆపినదీ నేనే.

పదింటికి హెడ్మాస్టరమ్మ వచ్చింది, చేతిలో స్వెట్టరుతో.

"ఒక గుండీ వదులైంది. అలా కూర్చునే బదులు ఇది చెయ్యి. ఇవాళేగా?"

"ఇవాళేనండీ."

"అందుకే తెచ్చాను," అని ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నిజానికి గుండీ అంత వదులుగా లేదు. అమ్మకు అది తెలిసింది, అయినా విప్పి మళ్ళీ కుట్టసాగింది. కుడుతున్నంతసేపు ఆ వీడియోలోని మనిషి కనపడలేదు. హెడ్మాస్టరమ్మ చూపు మిషన్ పక్కన ఉన్న ఖాళీ మందుసీసా మీద పడింది. లోపల అట్టమీదికి తిరిగి ఎక్కకుండా మిగిలిపోయిన ఆకుపచ్చ గుండీలు రెండున్నాయి.

"అదిగో, ఉన్నాయి కదా! నాకు లేవన్నావు. కనీసం పైవి రెండైనా మార్చు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ."

"అవి మా అమ్మాయివండీ."

"అమ్మాయి వెళ్ళిపోయిందిగా. వచ్చాక ఇంకో రెండు కొనిపెట్టు."

"అవి దొరకవండీ," అంది అమ్మ.

హెడ్మాస్టరమ్మ ఆమె మొహంలోకి చూసి ఇక రెట్టించలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది. బియ్యం డబ్బాలో కాదు, మిషన్ మీదే ఉంది. పిట్ట పంపిన మాట రెండు లైన్లు. "దిగాను. కాళ్ళు రెండూ ఉన్నాయి, ఏదీ కుంటడం లేదు. అమ్మా, చాలా ఎత్తుకు వెళ్ళింది ఉయ్యాల."

అమ్మ దాన్ని నాలుగుసార్లు చదువుకుంది. అయిదోసారి చదువుతుండగా ఇంకొకటి వచ్చింది. "జిరాఫీ శుక్రవారం గుహలకు వెళ్తోంది. నేను గురువారం బయల్దేరుతున్నా."

హెడ్మాస్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. అమ్మ అట్ట తీసుకుని పద్నాలుగో గుండీ విప్పి డబ్బాలో వేసింది. తర్వాత మందుసీసా చేతిలోకి తీసుకుని, మూత ఊడకుండా ఉందో లేదో చూసి, ఇంకొక చుట్టు బిగించి, ఎక్కడిదక్కడే పెట్టింది.